ఏకకేంద్రము: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

నిండిన చెరువులో గులకరాయి పడిన చోటి నుండి అలలు గుండ్రముగా లేచి, ఒకదాని వెనుక నొకటి యొడ్డు వైపునకు సాగును. వానిలో ఏ రెండును సమానములు కావు. ఒకదాని నొకటి తాకవు, దాటవు. అయినను అన్నిటికిని పుట్టిన చోటు ఒక్కటే. ఇట్టి వలయములకు గణితశాస్త్రమున "ఏకకేంద్ర వృత్తములు" అని పేరు. ఒకే కేంద్రము కలిగి, వేర్వేరు వ్యాసార్ధములు గల వృత్తములు ఏకకేంద్ర వృత్తములని ఉన్నత పాఠశాల విద్యార్థులు వల్లెవేయుచుందురు. నిర్వచనము ఒక్క పంక్తిలో ముగియును. కాని యీ మాట నడచి వచ్చిన త్రోవ రెండువేల యేండ్లకు పైబడినది. అది యెద్దుల వెనుక నడచు సేద్యగాని చేతికర్రతో మొదలై, పంచాంగము మీదుగా, నేటి నగరముల రింగు రోడ్ల వరకు వచ్చినది. ఆ త్రోవను పట్టి నడచిన వారికి ఊరిని గూర్చియు, ఊరి గ్రంథాలయమును గూర్చియు ఆలోచింపవలసిన విషయమొకటి చివరకు కనబడును.

మాటకు మూలము

"ఏకకేంద్రము" బహువ్రీహి సమాసము. ఏకమైన కేంద్రము దేనికి గలదో అది ఏకకేంద్రము. కొందరు దీనినే "సమకేంద్రము" అందురు. హిందీ పాఠ్యపుస్తకములలో "సంకేంద్రీ" అని యుండును. ఆంగ్లమున "కాన్‌సెంట్రిక్" అందురు. లాటిను భాషలో "కాన్" అనగా కూడి యుండుట, "సెంట్రుమ్" అనగా కేంద్రము. పూర్వపదము భాషకొక తీరుగా మారుచున్నను ఉత్తరపదము మాత్రము అన్నిట నొకే పోలికతో నున్నది. కేంద్రము, సెంట్రుమ్, సెంటరు అను మూడింటిని పక్కపక్కన నుంచి చూచినచో ఇవి యొక కడుపున పుట్టినవని పామరునకు సైతము తోచును.

మరి వీనికి తల్లి ఎవరు? మాట సంస్కృతమువలె వినబడుచున్నది గనుక సంస్కృతము నుండియే యిది పడమటి దేశములకు పోయినదని పెక్కుమంది తలంతురు. నిజము వేరు. కేంద్రమను మాట గ్రీకు భాషలోని "కెంట్రోన్" అను మాటకు సంస్కృతపు కట్టు కట్టిన రూపము. లాటినువారు తీసికొన్నదియు ఆ గ్రీకు మాటనే. లాటిను నుండి ఫ్రెంచి భాషకును, అందుండి ఆంగ్లమునకును అది చేరినది.

కెంట్రోన్ అనగా గ్రీకు భాషలో మొదట అర్థము వృత్తమధ్యము కాదు. గ్రుచ్చునది, పొడుచునది అని దాని యర్థము. తేనెటీగ కొండికి అది పేరు. అంతకంటె ముఖ్యముగా, దుక్కిటెద్దును అదలించుటకు రైతు చేత బట్టు ములుకోలకు అది పేరు. కర్ర చివర నాటిన యినుపములుకు ఎద్దు తొడకు తగిలిన యెద్దు ముందునకు నడచును. ఆ ములుకే కెంట్రోన్. తరువాత గ్రీకు గణితజ్ఞులు వృత్తలేఖినితో గుండ్రము గీయునపుడు దాని యొక కాలు కదలక ఒకచోట గ్రుచ్చుకొని యుండుటయు, రెండవ కాలు చుట్టును తిరుగుటయు గమనించిరి. ములుకు గ్రుచ్చిన ఆ చుక్కకు ములుకు పేరే పెట్టిరి. క్రీస్తునకు పూర్వము సుమారు 300 నాటికి యూక్లిడు తన రేఖాగణిత గ్రంథమున వృత్తమధ్యమును ఈ పేరనే పిలిచెను. నేడు పెద్దల సభలలో వినబడు "కేంద్రము" అను గంభీరమైన మాట పొలములో పుట్టిన రైతు మాట యని తెలిసినప్పుడు ఎవరికి సంతోషము కలుగదు?

ఇక "సమకేంద్రము" అను మాటలో మరియొక చమత్కారము గలదు. ఒకే కేంద్రము గల వానిని గ్రీకులు "హోమోకెంట్రోస్" అనిరి. అందు "హోమో" అనగా సమానము, ఒకటే యని యర్థము. సంస్కృతములో సకారమున్న చోట గ్రీకున పెక్కు మాటలలో హకారము వచ్చును. సంస్కృతమున సప్త, గ్రీకున హెప్త, రెండును ఏడే. ఆ న్యాయముననే సంస్కృతమున "సమ", గ్రీకున "హోమో". ఇవి యొకదాని నుండి మరియొకటి అరువు తెచ్చుకొన్నవి కావు; రెండు భాషలకును పూర్వమున్న యొకే మూలభాష నుండి దాయభాగముగా దక్కినవి. కేంద్రమన్ననో అరువు వచ్చిన మాట. కావున "సమకేంద్రము", "హోమోకెంట్రోస్" అను రెండు సమాసములలో పూర్వపదములకు నడుమ నున్నది జ్ఞాతిత్వము. ఉత్తరపదములకు నడుమ నున్నది వియ్యము. ఒకే మాటలో రక్తసంబంధమును, పెండ్లి సంబంధమును ఇట్లు కూడుట అరుదు.

పంచాంగములోని యవనులు

గ్రీకు మాట భరతఖండమునకు ఎట్లు చేరినది? అలెగ్జాండరు దండయాత్ర పిమ్మట వాయవ్య సరిహద్దులలో యవన రాజ్యము లేర్పడినవి. పడమటి రేవులకు యవనుల యోడలు వచ్చుచుండెను. సరకులతోపాటు శాస్త్రములును వచ్చినవి. క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో యవనుల జాతక గ్రంథములు సంస్కృతమునకు దిగినవి. వానిలో "యవనజాతకము" ప్రసిద్ధము. 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు యవనులను గూర్చి చెప్పుచు, వారు మ్లేచ్ఛులైనను ఈ శాస్త్రము వారియందు చక్కగా నెలకొని యున్నది గనుక వారును ఋషులవలె పూజింపబడుచున్నారని పూర్వుల మాటగా తెలిపెను. పరుల విద్యను విద్యగా గౌరవించిన యా పెద్దమనసు నేటివారికిని ఆదర్శము.

పంచాంగము చూపించుకొను ప్రతి యింటను గ్రీకు మాటలు వినబడుచునే యున్నవి. "హోర" గ్రీకు మాట. ఆంగ్లమున గంటకు చెప్పు "అవర్" దాని చుట్టమే. "లిప్త" గ్రీకు మాట. లిప్తకాలము అనునపుడు తెలుగువారు తెలియకయే యవనభాష పలుకుచున్నారు. ద్రేక్కాణము, జామిత్రము, పణఫరము, ఆపోక్లిమము అన్నియు ఆ దారిని వచ్చినవే. వానితోపాటు వచ్చినదే కేంద్రము. లగ్నము మొదలు 1, 4, 7, 10 స్థానములకు జాతకశాస్త్రమున కేంద్రములని పేరు. వరాహమిహిరుడు వీనికి "కంటకము" అని మరియొక పేరును చెప్పెను. కంటకమనగా ముల్లు. గ్రీకు మాటకు ములుకు అను నర్థ మున్నదని పైన చూచితిమి గదా! మాటను అరువు తెచ్చుకొన్నవారు దాని లోపలి ముల్లును సైతము విడువక తెచ్చుకొన్నట్లున్నది.

సిద్ధాంత గ్రంథములలో కేంద్రమునకు ఇంకొక యర్థము కలదు. గ్రహమునకును దాని యుచ్చమునకును నడుమ గల యంతరమును సిద్ధాంతులు కేంద్రమందురు. మందకేంద్రము, శీఘ్రకేంద్రము అను మాటలు పంచాంగగణితము చేయువారికి నిత్యపరిచితములు. వృత్తమధ్యమునకు మాత్రము ప్రాచీనులు "మధ్యము", "నాభి" అను మాటలనే వాడిరి. క్రీ.శ. 499లో ఆర్యభటీయము రచించిన ఆర్యభటుడు గ్రహచారమును వివరించుచు రెండు వృత్తములను చెప్పెను. ఒకటి కక్ష్యామండలము, దాని మధ్యము భూమధ్యమే. రెండవది ప్రతిమండలము, దాని మధ్యము భూమధ్యమునకు కొంత యెడముగా నుండును. మొదటిది ఏకకేంద్రమునకును, రెండవది భిన్నకేంద్రమునకును ఉదాహరణములు. మాట నేటిది కాకున్నను భావము ఆనాడే యున్నది.

18వ శతాబ్దమున జయపుర నిర్మాతయైన సవాయి జయసింహుని యాస్థానమున జగన్నాథ పండితుడు యూక్లిడు గ్రంథమును అరబ్బీ నుండి సంస్కృతమునకు "రేఖాగణితము" అను పేర తెచ్చెను. ఇట్టి గ్రంథముల వలనను, పిమ్మట పాఠశాలలకు వచ్చిన పాశ్చాత్య గణితము వలనను వృత్తమధ్యమను నర్థమే కేంద్రమునకు స్థిరపడినది. పాతదైన "నాభి" మాత్రము పోలేదు; దానికి వేరొక పని దొరికినది. ఆ పని యేదో ముందు చెప్పబడును.

కళ్లము నడుమ గుంజ

మాట రాకముందే ఏకకేంద్రమను భావము ఈ దేశమున ఇంటింట నుండెను. పురాణములు చెప్పు భూగోళమే యిందుకు సాక్ష్యము. నడుమ మేరువు, చుట్టు జంబూద్వీపము, దానిని చుట్టి లవణసముద్రము. పిమ్మట ప్లక్ష, శాల్మలి, కుశ, క్రౌంచ, శాక, పుష్కర ద్వీపములు. వాని నడుమ చెరకురసము, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు గల సముద్రములు. ప్రతి ద్వీపమును దాని లోపలి ద్వీపమునకు రెట్టింపు వెడల్పు గలది. జంబూద్వీపము లక్ష యోజనములైన, ఏడవదియగు పుష్కరము 64 లక్షల యోజనములు. ఇది భూగోళశాస్త్రముగా నేడు నిలువదు. కాని ఒకే మధ్యము చుట్టు వలయము వెనుక వలయమును మనసులో నిలుపుకొన్న ఊహగా అద్భుతమైనది.

జైనులును ఇట్టి వలయద్వీపములనే నమ్మిరి. 9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు తన "గణితసారసంగ్రహము"న రెండు వృత్తముల నడిమి వలయపు వైశాల్యమును గట్టు పద్ధతిని చెప్పి, ఆ క్షేత్రమునకు చక్రవాళవృత్తమని పేరిడెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆదికవి నన్నయ కాలమునకే తెలుగున గణితగ్రంథము వెలయుట ఈ భాష భాగ్యము.

ఆ వలయపు లెక్క కొంచెము చూడదగినది. 7 అడుగుల వ్యాసార్ధముతో నొక వృత్తము గీసిన, 22/7 లెక్కను దాని వైశాల్యము 154 చదరపు అడుగులు. అదే కేంద్రముతో 14 అడుగుల వృత్తము గీసిన మొత్తము 616. నడుమనున్నది తీసివేయగా వెలి వలయము 462. వెడల్పు అదే 7 అడుగులైనను వెలి వలయము నడిమి వృత్తమునకు మూడు రెట్లున్నది. ఇంకొక 7 అడుగులు పెంచిన మూడవ వలయము అయిదు రెట్లగును, నాలుగవది ఏడు రెట్లగును. నడుమ నుండి దూరమగుకొలది చోటు పెరుగును. ఈ లెక్కను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఊరి సంగతి వచ్చినప్పుడు దీనితో పని కలదు.

భావము నిట్లు లెక్కకు తెచ్చినవాడు మహావీరాచార్యుడు కాగా, దానిని కన్నులకు గట్టించినది భాగవతము. పంచమస్కంధమున, గంగన తెలుగు చేసిన స్కంధమది, ధ్రువుని చుట్టు గ్రహనక్షత్రములు తిరుగుటకు ఒక యుపమానము చెప్పబడినది. కళ్లము నడుమ గుంజ పాతి, దానికి పశువులను కట్టి త్రొక్కించునప్పుడు కొన్ని గుంజకు దగ్గరగను, కొన్ని నడుమను, కొన్ని చివరను నుండి తమ తమ మండలములలో తిరుగును. ఆ గుంజకు సంస్కృతమున మేధిస్తంభమని పేరు. ధ్రువుడు మేధిస్తంభము, జ్యోతిస్సులు పశువులు. ఏకకేంద్ర వృత్తములకు ఇంతకంటె తేటయైన బొమ్మ ఏ పాఠ్యపుస్తకమునను లేదు. గ్రీకువాడు కేంద్రమునకు పేరు వెదకునపుడు ఎద్దును తోలు ములుకోల స్ఫురించినది. భాగవతకారునకు కేంద్రమును చూపవలసినపుడు ఎద్దులు తిరుగు గుంజ స్ఫురించినది. దేశములు వేరైనను శాస్త్రమునకు ఉపమానమిచ్చినది సేద్యగాని కళ్లమే!

కేంద్రము కదలిన కథ

గ్రీకు దేశమున ఈ మాట ఆకాశమునే పట్టినది. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున యుడోక్సస్ అను పండితుడు భూమి కేంద్రముగా 27 గోళములు ఒకదానిలో నొకటి తిరుగుచున్నవని చెప్పెను. అరిస్టాటిలు ఆ సంఖ్యను 55కు పెంచెను. కాని గ్రహములు కొన్నాళ్లు దగ్గరగను కొన్నాళ్లు దూరముగను కనబడుటకు ఆ గోళములు సమాధానము చెప్పలేకపోయినవి. క్రీ.శ. 2వ శతాబ్దమున టాలెమీ, కేంద్రము భూమికి ఎడముగా నున్న వృత్తములను వాడెను. కేంద్రము తప్పినది గనుక అట్టి వృత్తము గ్రీకు మాట నుండి ఆంగ్లమున "ఎక్సెంట్రిక్" అయినది. నలుగురి నడవడికి ఎడముగా నడచు మనిషినిగూడ ఆంగ్లేయులు ఆ పేరనే పిలుతురు.

1543లో కోపర్నికస్ కేంద్రమునుండి భూమిని తొలగించి సూర్యుని నిలిపెను. 1609లో కెప్లరు గ్రహమార్గము అసలు వృత్తమే కాదు, దీర్ఘవృత్తమని తేల్చెను. దీర్ఘవృత్తమునకు నడుమ కేంద్రము గాక, ఇరుప్రక్కల రెండు ముఖ్యబిందువు లుండును. సూర్యుడుండునది వానిలో నొకదానియందు. ఆ బిందువునకు తెలుగు గణితమున పేరేమి? "నాభి". పాత నాభికి దొరికిన క్రొత్త పని యిదియే. దీర్ఘవృత్తము వృత్తమునకు ఎంత దూరమో తెలుపు కొలతకు "ఉత్కేంద్రత" అని పేరు. రెండువేల యేండ్ల కథ యంతయు నేటి తెలుగు పాఠ్యపుస్తకపు మూడు మాటలలో ఇమిడియున్నది.

బొడ్రాయి, పొలిమేర

నాభికి తెలుగు మాట బొడ్డు. "ఊరి నడిబొడ్డున" అను పలుకుబడి అందరెరిగినదే. తెలంగాణ గ్రామములలో ఊరి నడుమ ప్రతిష్ఠించు రాతికి బొడ్డురాయి, వాడుకలో బొడ్రాయి, అని పేరు. ఊరికి నాభి యది. బొడ్రాయి పండుగకు మెట్టినిండ్లకు పోయిన ఆడబిడ్డలు పుట్టింటికి వత్తురు. పొలిమేర చుట్టు పొలి చల్లుదురు. నడుమ రాయి, చివర పొలిమేర. ఒకటి కేంద్రము, రెండవది పరిధి. గ్రామస్థులు రేఖాగణితమను మాట వినకముందే రేఖాగణితమును పండుగగా జరుపుకొనుచుండిరి.

బండిచక్రమును చూచినను ఇదే తెలియును. ఇరుసు చుట్టు కుండ, కుండనుండి వెలువడు ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీలపై ఇనుపపట్టా. కుండ, పూటీలు, పట్టా అన్నియు ఏకకేంద్రములు. పట్టా యొక్క కేంద్రము ఇరుసు కేంద్రముతో వెంట్రుకవాసి తప్పినను బండి కుంటును. వడ్రంగి నేర్పంతయు ఆ ఒక్క చుక్క తప్పకుండ చూచుటలోనే యున్నది.

నగరపు వలయములు

ఒక యూరు మరియొక యూరి వలయములో చేరినప్పుడు ఏమగునో చూపుటకు హైదరాబాదు నగరపు తూర్పు దిక్కు తగిన యుదాహరణము. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా చార్మినారును నిలిపి, నలుదిక్కులకు నాలుగు బాటలు తీయించెను. నగరమునకు అదియే నాభి. 18వ శతాబ్దమున నగరము చుట్టు ప్రాకారము లేచినది. దాని ద్వారములలో నేటికి నిలిచినవి డబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు. అది మొదటి వలయము. నేడు ఇన్నర్ రింగు రోడ్డు ఎల్.బి. నగర్, నాగోలు, ఉప్పల్ మీదుగా పోవుచున్నది. దాని వెలుపల 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు, తూర్పున పెద్ద అంబర్‌పేట వద్ద విజయవాడ బాటను దాటుచున్నది. అంతకును వెలుపల మరియొక ప్రాంతీయ వలయమార్గము తలపెట్టబడినది. గణితదృష్టితో ఇవి సరియైన వృత్తములు కావు. వ్యవహారమున మాత్రము ఒకే నగరమును కేంద్రముగా గొన్న వలయములే.

ఈ తూర్పు దారిలో మాటల చరిత్ర యడుగడుగునకు కనబడును. మలక్‌పేట దాటిన పిమ్మట మూసారాంబాగు వచ్చును. నిజాం అలీఖాను కొలువులో నుండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాన్ సమాధి ఈ ప్రాంతపు గుట్టపై కలదు. "మూస్యూ రేమాన్" అను ఫ్రెంచి పిలుపును హిందువులు మూసారాం అని, ముస్లిములు మూసారహీం అని తమ తమ నోళ్లకు తగినట్లు మార్చుకొనిరని చెప్పుదురు. కెంట్రోన్ కేంద్రమైనది కూడ ఇట్లే గదా! ఒక పరదేశి సమాధి రెండు మతములవారికి ఉమ్మడి గౌరవస్థానమగుట ఏకకేంద్రమను మాటకు మనుష్యులు వ్రాసిన వ్యాఖ్యానము.

దాని తరువాత దిల్‌సుఖ్‌నగర్. ఇచ్చటి భూములకు యజమానియైన దిల్‌సుఖ్ రాం ప్రసాద్ పేర వెలసినదని ప్రతీతి. "దిల్" పారసీకము, హృదయమని యర్థము; "సుఖ్", "నగర్" సంస్కృతములు. సంస్కృతపు "హృత్"తో పారసీకపు "దిల్" జ్ఞాతియే. ఇచ్చటనుండి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషనులు దాటిన ఎల్.బి. నగర్. ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన లాల్ బహదూర్ నగరమే యిది. విజయవాడ బాటయు, నాగార్జునసాగరు వైపు పోవు బాటయు, వలయమార్గమును ఇచ్చట కూడును. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఇచ్చటివరకు మెట్రో రైలు నడచెను.

ఇట్టి నాలుగు బాటల కూడలిని అమరకోశము "శృంగాటకము, చతుష్పథము" అనును. తెలంగాణమున "చౌరస్తా" అందురు. అందు "చౌ" మన చతురమే, "రస్తా" పారసీకము. కృష్ణా, గుంటూరు ప్రాంతములవారు "సెంటరు" అందురు. ఆ జిల్లాలనుండియు, నల్లగొండ, ఖమ్మము జిల్లాలనుండియు బ్రతుకుదెరువునకును, చదువునకును వచ్చినవారు ఈ పేటలలో పెక్కుమంది స్థిరపడిరి. అందుచేత ఒకే కూడలిని ఒకడు చౌరస్తా యనుచుండగా, ప్రక్కవాడు సెంటరు అనుచుండును. ఇద్దరును చెప్పుకొను చోటు ఒకటే. శిక్షణ కేంద్రములకు దిల్‌సుఖ్‌నగర్ పేరుపొందినది గనుక, రైతు చేతి ములుకోల పేరు అక్కడి బోర్డులమీద నేటికిని తెలుగు లిపిలో వ్రేలాడుచున్నది.

అయితే లాభముతోపాటు నష్టమును లెక్కవ్రాయవలెను. ఎల్.బి. నగర్, గడ్డి అన్నారము పురపాలక సంఘములుగా నుండి 2007 ఏప్రిలులో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో లీనమైనవి. అంతకుముందు అవియు గ్రామముల నేలయే. ప్రతి గ్రామమునకును తన బొడ్రాయి, తన చెరువు, తన చావడి యుండెను. ప్రతిదియు తనకు తాను కేంద్రము. నగరము పెరిగినకొలది అవి పరుల వృత్తములో పరిధిమీది చుక్కలైనవి. నగరములో కలిసిన పాతయూళ్లలో పెక్కుచోట్ల బొడ్రాయి నేటికిని పూజలందుకొనుచున్నది. మేడల నడుమ నున్న ఆ చిన్నరాయి, ఇది ఒకనాడు తనంత తానొక వృత్తమని చెప్పుచున్నది.

గ్రంథాలయము

ఇప్పుడు వలయపు లెక్కను తలచుకొనవలెను. ఏకకేంద్ర వృత్తములకు కేంద్ర మొక్కటే గాని వ్యాసార్ధము లొక్కటి కావు. మన గ్రామముల చరిత్రలోని చేదునిజము ఇందులోనే యున్నది. బొడ్రాయి అందరిదే యనిరి. కాని కొందరి యిండ్లు దానికి ఆనుకొని యుండగా, మరికొందరి వాడలు ఊరి చివర నుండెను. గుడికి, బావికి, బడికి అందరికిని ఒకే దూరము లేకుండెను. నడిమి వృత్తముకంటె వెలి వలయము మూడు రెట్లు, ఆపైది అయిదు రెట్లు పెద్దదని లెక్క చెప్పుచున్నది. కేంద్రమునకు దూరముగా నుండువారే లోకమున ఎక్కువ. కేంద్రమును పంచుకొన్నంత మాత్రమున సమానత్వము రాదు. దూరమును సమానము చేసినపుడే వచ్చును. వృత్తమునకు గణితము చెప్పు నిర్వచన మేమి? కేంద్రమునకు సమదూరమున నుండు బిందువుల పంక్తి. అనేక వలయములను ఒక్క వృత్తముగా మార్చగల కేంద్రమే నిజమైన కేంద్రము.

ఆ పనికి గ్రంథాలయమును మించినది లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు, నిజాము రాజ్యమున తెలుగునకు పాఠశాలలలో తగిన చోటు లేకుండెను. ఆ దీపమునుండి ఊరూర దీపములు వెలిగినవి. 1891లో అసఫియా గ్రంథాలయముగా స్థాపితమైనది నేడు అఫ్జల్‌గంజి యందు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయముగా నున్నది. అది కేంద్రము, జిల్లా గ్రంథాలయములు వలయములు, గ్రామ గ్రంథాలయములు వెలి వలయములు అని కాగితముమీద గీయవచ్చును. కాని వార్తాపత్రిక చదువుటకు సాయంకాలము వచ్చిన రైతునకును, పరీక్షకు చదువుకొను పిల్లకును, ఊరి గ్రంథాలయమే కేంద్రము. అచ్చట బల్లకు తల లేదు, తోక లేదు. పుస్తకము అడిగినవాని యిల్లు ఏ వాడయని చూడదు. చందాదారుల పట్టికలో పేర్లు వరుసగా నుండును గాని వలయములుగా నుండవు.

ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయము నిలుచుట సామాన్యము కాదు. ఈ కాలములో నగరపు వలయము ఇంకను ముందునకు జరిగినది, ఇకముందును జరుగును. దానిని ఆపుట ఎవరి వశము కాదు. వృత్తలేఖిని రెండవ కాలు ఎంత దూరము తిరిగినను, మొదటి కాలు గ్రుచ్చినచోట కదలకున్న వృత్తము చెడదు. ఆ మొదటి కాలే గ్రంథాలయము. దాని ములుకు ఎద్దును నడిపించినట్లే మనిషినిగూడ ముందునకు నడిపించును. ఊరిలోని ప్రతి గడపకును దీని దూరము సమానమగునట్లు చూచుట రాబోవు ఇరువదియైదేండ్లలో నిర్వాహకులకును, చందాదారులకును, గ్రామస్థులెల్లరకును ధర్మము. అట్లు జరిగిననాడు ఏకకేంద్రమను మాట పాఠ్యపుస్తకమును విడిచి ఊరిలోనికి వచ్చినట్లగును. స్వస్తి.